గాలి టార్చా, నీళ్ల టార్చా?

ఇంటి షెడ్డులో పెట్టుకోవడానికి 200 ఆంపియర్ల ఏసీ-డీసీ ఆర్గాన్ (టిగ్) వెల్డింగ్ మెషిన్ కొన్నవాళ్లకి కొద్ది రోజుల్లోనే ఒక సందేహం మొదలవుతుంది. మెషిన్‌తో పాటు వచ్చిన టార్చ్ చేతిలో కాలుతోంది, నీళ్లతో చల్లబడే టార్చ్‌కి మారాలా? ఎవరినడిగినా సలహా రెండు రకాలుగానే వస్తుంది. ఏళ్ల తరబడి ఫ్యాబ్రికేషన్ షాపుల్లో పనిచేసినవాళ్లు "ఎప్పటికైనా నీళ్లదే కొంటావు, ఇప్పుడే కొనెయ్, రెండుసార్లు డబ్బు తగలెయ్యకు" అంటారు. ఆదివారాలు సరదాకి చేసుకునేవాళ్లు "గోరుతో పోయేదానికి గొడ్డలెందుకు" అంటారు. ఎవరి పనిని బట్టి వాళ్లు సరిగ్గానే చెబుతున్నారు. అడిగినవాడు ఏ లోహం, ఎంత మందం, ఎంతసేపు అతుకుతాడన్నది మాత్రం ఇద్దరూ అడగరు.

నా మాట ముందే చెప్పేస్తాను. సింగిల్ ఫేజ్ కరెంటు మీద తీరిక వేళల్లో పనిచేసేవాళ్లలో ఎక్కువమందికి గాలి టార్చ్ చాలు. వాళ్ల పనికి మొదట అడ్డుపడేది గోడకున్న సాకెట్, ఆ తర్వాత టార్చ్‌కి వేలాడే బిరుసు గొట్టం. నీళ్లు నిజంగా కావలసిన పని ఒకటుంది. అది మందపాటి అల్యూమినియం.

ఈ టార్చ్‌ల వంశం పాతదే. 1941 ప్రాంతంలో కాలిఫోర్నియాలోని నార్త్‌రాప్ విమాన కంపెనీలో రసెల్ మెరిడిత్ అనే ఇంజనీరు మెగ్నీషియం రేకులు అతకడానికి టంగ్‌స్టన్ మొననీ హీలియం వాయువునీ కలిపి ఈ పద్ధతి తయారుచేశాడు. 1942లో పేటెంట్ వచ్చింది. హీలియం వల్ల దానికి హీలియార్క్ అన్న పేరు పడింది. లిండే కంపెనీ హక్కులు తీసుకుని టార్చ్‌లని మెరుగుపరిచింది. ఇవాళ షాపులో వినిపించే 9, 17, 18, 20, 26 నంబర్లు ఆ హీలియార్క్ సంతతివే. అమెరికా కంపెనీలు డబ్ల్యూపీ అనీ, యూరప్, చైనా కంపెనీలు ఎస్‌ఆర్ అనీ ముందు అక్షరాలు తగిలించినా నంబరు మారదు. 9, 17, 26 గాలివి. 20, 18 నీళ్లవి.

గాలి టార్చ్ అని పిలుస్తున్నాం గానీ లోపల వీచే గాలంటూ ఏమీ లేదు. రాగి తీగల జడ గ్యాస్ గొట్టం లోపలి నుంచే వెళుతుంది, ఆర్గాన్ ఆ తీగల్ని రాసుకుంటూ టార్చ్ తల దాకా చేరుతుంది. ఆ ఆర్గాన్ మోసుకుపోయే వేడి ఎంత? నిమిషానికి 8 లీటర్ల ఆర్గాన్ 100 డిగ్రీలు వేడెక్కినా తీసుకుపోయేది పది పన్నెండు వాట్లే. అదే నిమిషానికి ఒక లీటరు నీళ్లు ఒక్క డిగ్రీ వేడెక్కితే 70 వాట్లు తీసుకుపోతాయి. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే మిగతా వాదనలో సగం తేలిపోతుంది. గాలి టార్చ్ తన వేడిని ఎక్కడికీ పంపలేదు. తల్లో ఉన్న రాగి, ఇత్తడి ముద్దలో దాచుకుంటుంది, మీరు ఆర్క్ ఆపినప్పుడు తీరిగ్గా వదులుతుంది. మీరు ఎంతసేపు ఆపుతారన్నదే దాని బతుకు.

అందుకే టార్చ్ మీద ఆంపియర్ల అంకె ఒక్కటీ చూసి కొనకూడదు. దాని పక్కన డ్యూటీ సైకిల్ శాతం ఉండాలి. పది నిమిషాల్లో ఎన్ని నిమిషాలు ఆర్క్ వెలగొచ్చు అన్నదే ఆ శాతం. అమెరికా కేటలాగుల్లో 17 అంటే 150, 26 అంటే 200 ఆంపియర్లని రాస్తారు. యూరప్ కంపెనీలు అదే 17కి 140, 26కి 180 అని రాసి, అది 35 శాతం మీద అని పక్కనే చెబుతాయి. అంటే మూడున్నర నిమిషాలు అతికితే ఆరున్నర నిమిషాలు ఆపాలి. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది కనుక ఒక శాతం నుంచి ఇంకో శాతానికి లెక్క మార్చుకోవడం తేలికే. 60 శాతం మీద 150 అన్న టార్చ్ ఆపకుండా సుమారు 116 ఆంపియర్లు మోస్తుంది. అదే 150ని 35 శాతం మీద రాసి ఉంటే, ఆపకుండా మోసేది 90 లోపే. పెట్టె మీద ఒకే అంకె ఉన్న రెండు టార్చ్‌ల మధ్య ఇంత తేడా ఉండొచ్చు. చవక టార్చ్‌ల పెట్టెల మీద చాలాసార్లు ఆ శాతం కనిపించదు.

అభిరుచి కొద్దీ చేసేవాడి పనిలో ఆర్క్ వెలిగే సమయం నిజానికి ఎంత? బుల్లెట్ బండికి స్టెయిన్‌లెస్ సైలెన్సర్ పైపు చేస్తున్నారనుకోండి. పైపు కోయాలి, అంచు రుద్దాలి, అసిటోన్‌తో తుడవాలి, గుర్తులు పెట్టి తాత్కాలికంగా చిన్న అతుకులు (టాక్‌లు) వేయాలి, బండికి ఆనించి చూడాలి, తీసి మళ్లీ కోయాలి. గంటసేపు కష్టపడితే ఆర్క్ వెలిగేది కొన్ని నిమిషాలు. ఒకటిన్నర మిల్లీమీటర్ల పైపుకి 50, 60 ఆంపియర్లు చాలు. ఈ పనిలో 17వ నంబరుకి గోరువెచ్చదనం కూడా రాదు. సైకిల్ ఫ్రేము, ఎస్‌ఎస్ గేటు, వంటింటి స్టాండు, రోబో బొమ్మల ఫ్రేములు అన్నీ ఈ కోవలోవే. ఫ్యాబ్రికేషన్ షాపులో మాత్రం ఒకే రకం ముక్కలు జిగ్‌లో బిగించి వరుసగా అతుకుతుంటారు. అక్కడ ఆర్క్ ఆగేది మనిషి టీ తాగడానికి వెళ్లినప్పుడే. ఆ అనుభవంతో వాళ్లిచ్చే సలహా ఇంటి షెడ్డుకి అందుకే నప్పదు.

ఇక సాకెట్ సంగతి. ఈ చర్చల్లో ఎవరూ దాన్ని పట్టించుకోకపోవడం నాకు ఎప్పుడూ వింతే. మన ఇళ్లలో ఏసీకీ గీజర్‌కీ పెట్టే పెద్ద సాకెట్ 16 ఆంపియర్లది. 230 వోల్టులతో గుణిస్తే 3,680 వోల్ట్-ఆంపియర్లు. పవర్ ఫ్యాక్టర్ సరిచేసే ఏర్పాటు లేని మామూలు ఇన్వర్టర్ మెషిన్‌కి ఆ ఫ్యాక్టర్ 0.7 దగ్గర ఉంటుంది, లోపలి నష్టాలు పోగా 85 శాతం బయటికి వస్తుందనుకుందాం. ఆర్క్‌కి మిగిలేది 2,200 వాట్ల లోపు. ప్రమాణాల్లో టిగ్ ఆర్క్ వోల్టేజీకి ఒక సూత్రం ఉంది: పదికి, ఆంపియర్లని 0.04తో గుణించి వచ్చినది కలపాలి. ఆ లెక్కన 2,200 వాట్లకి దొరికేది సుమారు 140 ఆంపియర్లు. మెషిన్ ముందు పలక మీద 200 అని మెరుస్తున్నా మీ గోడ ఇచ్చేది 140. పవర్ ఫ్యాక్టర్ సరిచేసిన ఖరీదైన మెషిన్ అయితే అదే సాకెట్ మీద 180 దాకా లాగొచ్చు. ఎండాకాలం సాయంత్రం వోల్టేజీ 200కి పడిపోయే ఊళ్లో ఇంకా తగ్గుతుంది.

140 ఆంపియర్లకి మించి రాని చోట 250 ఆంపియర్ల నీళ్ల టార్చ్ ఏం చేస్తుంది? చెయ్యి కాలకుండా చూస్తుంది, అంతవరకే. ఆ డబ్బు ముందు ఎలక్ట్రీషియన్‌కి ఇచ్చి, మీటరు నుంచి నేరుగా 32 ఆంపియర్ల లైను, సరైన ఎంసీబీ, మంచి ఎర్తింగ్ వేయించుకుంటే మేలు. మీటరుకి మంజూరైన లోడు సరిపోతుందో లేదో అప్పుడే చూసుకోవాలి. అమెరికాలో ఉన్న మనవాళ్ల లెక్క వేరు. అక్కడి గ్యారేజీలో 240 వోల్టుల 50 ఆంపియర్ల సాకెట్ పెట్టించుకోవడం మామూలు విషయం, మెషిన్ ఎంత ఇవ్వగలిగితే అంతా దొరుకుతుంది. టెక్సాస్ గ్యారేజీలో కూర్చున్న అన్నయ్య "నీళ్ల టార్చ్ లేకుండా ఎలా చేస్తున్నావురా" అని ఫోన్లో ఆశ్చర్యపోతే కంగారుపడక్కర్లేదు. ఆయన గోడ వేరు.

అల్యూమినియం దగ్గరికి వస్తే లెక్కలన్నీ బిగుసుకుంటాయి. డీసీ మీద స్టీలు అతికేటప్పుడు ఆర్క్ వేడిలో దాదాపు 70 శాతం పనివైపు, 30 శాతం టంగ్‌స్టన్ వైపు పోతుందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఏసీ మీద సగం సగమని వాటి లెక్క. అల్యూమినియం మీది ఆక్సైడు పొర వదిలించేది టంగ్‌స్టన్ పాజిటివ్‌గా ఉండే అర్ధచక్రమే. టంగ్‌స్టన్‌ని, దాని వెనకున్న టార్చ్‌ని కాల్చేదీ ఆ అర్ధచక్రమే. అందుకే యూరప్ కేటలాగుల్లో గాలి టార్చ్‌ల ఏసీ అంకె డీసీ కన్నా పాతిక, ముప్ఫై శాతం తక్కువగా ఉంటుంది. పైగా అల్యూమినియం వేడిని ముక్కంతా పంచేస్తుంది కనుక మిల్లీమీటరుకి 40 ఆంపియర్లన్నది అందరూ వాడే మోటు లెక్క. 3 మిల్లీమీటర్లకి 120 నుంచి 140. 6 మిల్లీమీటర్లకి 220 పైన. అంటే 3 మిల్లీమీటర్ల రేకు మీద పొడవాటి అతుకు వేసేటప్పటికే 17వ నంబరు తన హద్దుకి చేరిపోతుంది. ముందు టంగ్‌స్టన్‌ని పట్టి ఉంచే కొలెట్ దగ్గర వేడెక్కుతుంది, తర్వాత ఆ వేడి హ్యాండిల్ మెడలోకి దిగుతుంది, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గ్లవ్ లోంచి తెలుస్తుంది. అక్కడ వేడి తెలిసిందంటే ఆపమని అర్థం. మొండిగా కొనసాగిస్తే లోపలి ఇన్సులేషన్ రబ్బరు మెత్తబడుతుంది, వెనక మూత (బ్యాక్ క్యాప్) రింగు కాలుతుంది, గ్యాస్ కారుతుంది, అతుకు నల్లబడుతుంది. నేర్చుకునేవాడు నల్లబడ్డ అతుకు చూసి ఆర్గాన్ బాగాలేదనుకుని సిలిండర్ మార్పిస్తాడు.

అయితే ఏసీ అంకెలు మరీ భయపెట్టేవి కావు. సగం సగమన్న లెక్క పాత ట్రాన్స్‌ఫార్మర్ మెషిన్ల నాటిది. ఇప్పటి ఇన్వర్టర్లలో బ్యాలెన్స్ నాబ్ తిప్పి పాజిటివ్ భాగాన్ని 25, 30 శాతానికి తగ్గించుకోవచ్చు. ముక్కని స్టెయిన్‌లెస్ బ్రష్‌తో బాగా రుద్దుకుంటే అంత తక్కువ శుభ్రత చాలు, టార్చ్ కూడా ఊపిరి పీల్చుకుంటుంది. ఎప్పుడో ఒకసారి మందపాటి ముక్క వస్తే గ్యాస్ మంటతో ముందే వేడిచేసుకోవడం ఇంకో దారి. 120 డిగ్రీలు దాటించకండి, కొన్ని అల్యూమినియం మిశ్రమాలు అంతకు మించితే బలం కోల్పోతాయి. ఆర్గాన్‌లో హీలియం కలిపితే తక్కువ ఆంపియర్లకే ఎక్కువ వేడి వస్తుందని విదేశాల్లో చెబుతారు. మన దగ్గర హీలియం ధర వింటే ఆ మాట ఇంకెత్తరు.

ఇంతవరకూ వేడి గురించే మాట్లాడాను. రోజూ పనిచేసేవాళ్లు నీళ్ల టార్చ్‌ని ఇష్టపడడానికి అసలు కారణం మాత్రం దాని తేలికదనం. నీళ్ల టార్చ్ కరెంటు గొట్టాన్ని అడ్డంగా కోసి చూడండి. చిటికెన వేలంత గొట్టం, లోపల వదులుగా సన్నటి రాగి జడ, దాని చుట్టూ ఖాళీ. చల్లటి నీళ్లు వేరే గొట్టంలో టార్చ్ తలకి వెళ్లి, అక్కడి వేడి తీసుకుని, ఈ ఖాళీలోంచి రాగి జడని తడుపుతూ వెనక్కి వస్తాయి. నీళ్లు మోస్తాయన్న ధీమాతోనే అంత సన్నటి రాగిలో 250 ఆంపియర్లు పంపుతారు. 26వ నంబరుకి ఆ ధీమా లేదు కనుక మొత్తం బరువు రాగిలోనే ఉంటుంది. దాని నాలుగు మీటర్ల గొట్టం మణికట్టుని కిందికి లాగుతూనే ఉంటుంది. చెయ్యి వణికితే ఆర్క్ పొడవు మారుతుంది, మొన కరిగిన లోహంలో మునుగుతుంది, మళ్లీ గ్రైండర్ దగ్గరికి నడవాలి. 20వ నంబరు చిన్న తల, మెత్తటి గొట్టాలతో ఇరుకు మూలల్లోకి దూరుతుంది. దాన్ని ఒకసారి పట్టుకున్నవాడికి 26 నచ్చదు.

ఈ సుఖంలో చాలా భాగం నీళ్లు లేకుండానే దొరుకుతుంది. మెషిన్‌తో ఉచితంగా వచ్చే టార్చ్‌లకి వేసేది బిరుసు ప్లాస్టిక్ గొట్టం. చలికాలం పొద్దున అది వంచితే వంగదు. దాన్ని తీసేసి అల్లిక ఉన్న మెత్తటి రబ్బరు గొట్టం వేసుకుంటే అదే 17 వేరే టార్చ్‌లా అనిపిస్తుంది. పలచటి పనికి 9వ నంబరు తీసుకుంటే ఇంకా హాయి, 80, 90 ఆంపియర్ల దాకా దానంత ముద్దొచ్చే టార్చ్ లేదు. గొట్టాన్ని భుజం మీదుగా వేసుకోవడం, మోచేతికి ఒక చుట్టు చుట్టుకోవడం పైసా ఖర్చు లేని ఉపాయాలు. 200 ఆంపియర్లు కావాలి కదా అని 17 వదిలి నేరుగా 26కి వెళ్లడం నాకు నచ్చని మధ్యేమార్గం. గాలి టార్చ్ వేడీ తప్పదు, బరువూ తప్పదు. అంత కరెంటుతో రోజూ పనుంటే నీళ్లకే వెళ్లాలి.

నీళ్లకి వెళ్తే ఏమేం వెంట వస్తాయో తెలిసి వెళ్లాలి. పంపు, ట్యాంకు, రేడియేటర్, ఫ్యాను ఉన్న కూలర్ పెట్టె కావాలి. దాని ధర టార్చ్ ధరకి కొన్ని రెట్లు. షెడ్డులో చోటు, చెవిలో రొద, కారే అతుకులు అదనం. కూలర్ తగిలించే చోటు లేని చిన్న మెషిన్లకి అడాప్టర్ కొనాలి. అమెరికా తరహా బిగింపుల్లో నీళ్ల నట్లకి ఎడమ మర ఉంటుంది, తెలియక బలంగా తిప్పి ఇత్తడి అరగదీసేవాళ్లు చాలామంది. అన్నిటికన్నా పెద్ద ప్రమాదం మరపు. కూలర్ స్విచ్ వేయడం మరిచి ఆర్క్ కొడితే, నీళ్లు లేని ఆ సన్నటి రాగి జడ చూస్తుండగానే గొట్టాన్ని కరిగించేస్తుంది. కరెంటు కోతల వల్ల టార్చ్ పోతుందని కొందరు భయపడతారు గానీ, మెషిన్, కూలర్ ఒకే లైను మీద ఉంటే రెండూ కలిసే ఆగుతాయి. వేర్వేరు ప్లగ్గులకి పెట్టినప్పుడే చిక్కు. నీళ్లు పారకపోతే ఆర్క్ వెలగనివ్వని ఫ్లో స్విచ్ ఈ మరపుకి మందు.

ఏ నీళ్లు పోయాలన్నది ఇంకో తగాదా. బోరు నీళ్లు వద్దు. సున్నం సన్నటి దారుల్లో గట్టిపడుతుంది, ఆర్క్ వెలిగించే హై ఫ్రీక్వెన్సీ కరెంటు నీళ్లలోని లవణాల గుండా కారిపోయి ఆర్క్ పట్టుకోవడానికి మొరాయిస్తుంది, రాగి, ఇత్తడి మెల్లగా తినబడతాయి. కారు కూలెంట్ కూడా వద్దు, తుప్పు పట్టకుండా అందులో కలిపే రసాయనాలు కరెంటుని మోస్తాయి. ఇన్వర్టర్ బ్యాటరీల కోసం అమ్మే డిస్టిల్డ్ వాటర్ డబ్బా అన్ని ఊళ్లలో దొరుకుతుంది, చవక కూడా. వెల్డింగ్ కోసమే అమ్మే కూలెంట్ దొరికితే మరీ మంచిది, పాచి పట్టదు. గడ్డకట్టకుండా చూసుకోవాల్సిన అవసరం మిషిగన్ గ్యారేజీలో ఉంటుంది గానీ మంచిర్యాలలో ఉండదు. మనకి ఎదురయ్యేది దీనికి తలకిందులు. రేడియేటర్ ఏదైనా నీళ్లని చుట్టుపక్కల గాలికన్నా చల్లబరచలేదు. రోహిణి కార్తెలో షెడ్డులో 43 డిగ్రీలుంటే ట్యాంకులో నీళ్లు అంతకు పైనే ఉంటాయి. టార్చ్‌కి ఏమీ కాదు, మీ చేతికి మాత్రం వెచ్చగానే ఉంటుంది.

ఖర్చు తగ్గించుకోవడానికి బకెట్, పంపుతో సొంతంగా కట్టుకునేవాళ్లూ ఉన్నారు. లెక్క ప్రకారం ఇది పిచ్చి ఆలోచన కాదు. టార్చ్ నుంచి కిలోవాటు వేడి పది నిమిషాలు ఆగకుండా వచ్చినా 20 లీటర్ల నీళ్లు వేడెక్కేది ఏడు డిగ్రీలే. ఇంటి పనిలో అంత వేడి ఎప్పుడూ రాదు, కనుక రేడియేటర్ లేకపోయినా గడుస్తుంది. తప్పు జరిగేది పంపు దగ్గర. ఎయిర్ కూలర్‌లో వేసే చిన్న పంపు నీళ్లని ఒకటి రెండు మీటర్ల ఎత్తుకి తోయగలదంతే, ఎనిమిది మీటర్ల సన్నటి దారిలో అది నిమిషానికి లీటరు పంపలేదు. రైతులు వాడే బ్యాటరీ స్ప్రేయర్లలోని 12 వోల్టుల డయాఫ్రమ్ పంపుకి ఆ బలం ఉంది. అయితే టార్చ్ గొట్టాలకి సాధారణంగా చెప్పే హద్దు 50 పీఎస్ఐ, స్ప్రేయర్ పంపు అంతకు మించి తోయగలదు కనుక బైపాస్ పెట్టి ఒత్తిడి తగ్గించుకోవాలి. మూత లేని బకెట్ అయితే దోమల పెంపకం అదనం. ఇవన్నీ చేసినా ఫ్లో స్విచ్ లేకపోతే అది టార్చ్‌ని కాల్చడానికి కట్టుకున్న ఏర్పాటే అవుతుంది.

రెండుసార్లు డబ్బు తగలెయ్యకు అన్న మాట మొదట్లో చెప్పాను కదా, అది పూర్తిగా నిజం కాదు. 17, 26, 18 నంబర్లకి కొలెట్లు, కప్పులు, గ్యాస్ లెన్స్‌లు, బ్యాక్ క్యాపులు ఒకటే. 9కి 20కి కూడా అంతే, వాటిది చిన్న సైజు కుటుంబం. ఇవాళ 9 కొని సామాన్లు కూడబెట్టుకుంటే, రేపు 20కి మారినా అవన్నీ పనికొస్తాయి. మారేది టార్చ్, గొట్టం మాత్రమే. పాత 9 కూడా వృథా కాదు. చిన్న టాక్ కోసం కూలర్ వేయబుద్ధి కాని రోజు అదే చేతిలోకి వస్తుంది.

స్టీలు, స్టెయిన్‌లెస్, 3 మిల్లీమీటర్ల లోపు అల్యూమినియం మీ పనైతే మెత్తటి గొట్టం వేసిన 17 తీసుకోండి, పలచటి పనే ఎక్కువైతే 9 తీసుకోండి. అలాయ్ వీల్స్, ఇంజిన్ కేసులు, 5, 6 మిల్లీమీటర్ల ప్లేట్లు వారం వారం వస్తూ, గోడలో 32 ఆంపియర్ల లైను కూడా ఉంటే 20వ నంబరు, ఫ్లో స్విచ్ ఉన్న కూలర్ కొనండి. రాణిగంజ్ బజారులో కొన్నా ఆన్‌లైన్‌లో కొన్నా రెండు ప్రశ్నలు అడగండి: ఈ ఆంపియర్లు ఎంత శాతం డ్యూటీ మీద, ఏసీ మీద ఎంత? ఆ రెంటికీ జవాబు లేని టార్చ్‌ని అక్కడే వదిలేసి రండి.